వినబడనిది లేనిదగునా?



హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండకు సమీపాన ఒక చిన్న ఆలయం, దానిని ఆనుకొని అర్చకస్వామివారి గృహం ఉన్నాయి. వారికి యాభైయేడు సంవత్సరాలు. బాల్యంలో గురుకులవాసం చేసి కృష్ణయజుర్వేదాన్ని క్రమాంతం అధ్యయనం చేసినవారు. సాయంకాలం నలుగురు బాలురకు వేదం సంత చెబుతారు. తెల్లవారుజామున అయిదు గంటలకు, ఆలయద్వారం తెరవడానికి ముందు, అమెరికాలోని ఇద్దరు గృహస్థులకు అంతర్జాలం ద్వారా సూక్తపాఠం చెబుతారు. అక్కడి తూర్పుతీరంలో వేసవివేళ అది ముందురోజు సాయంత్రం ఏడున్నర. ఈ పాఠం కొరకే కుమారుడు కొత్త ల్యాప్‌టాప్ కొని తెచ్చి యిచ్చాడు.

బాలురలో పెద్దవాడికి పదమూడేళ్లు. స్వరశుద్ధి గలవాడు. గురువుగారు ఒక వాక్యం చెప్పగా దానిని రెండుమార్లు ప్రతిధ్వనించి దూరదేశపు శిష్యులకు దారి చూపడం అతని వంతు. కొత్త యంత్రం వచ్చిన నాటినుండి ఆ బాలుడు తడబడసాగాడు. స్వరితం చెప్పవలసిన చోట అనుదాత్తం పలికేవాడు. నోటికి వచ్చిన పన్నంలోనే మధ్యలో ఆగిపోయేవాడు. కనుబొమలు ముడిచి మాటిమాటికీ యంత్రం వైపు చూసేవాడు.

"ఏమిరా నాయనా, మనస్సు ఎక్కడ ఉన్నది?" అని ఒకనాడు గురువుగారు గద్దించారు.

"గురువుగారూ, ఆ పెట్టె సన్నగా కీచుమంటున్నది" అన్నాడు బాలుడు.

వారు చెవిని యంత్రానికి ఆనించి విన్నారు. ఏమీ వినబడలేదు. ప్రక్కగదిలోని ధర్మపత్నిని పిలిచారు. ఆమెకూ వినబడలేదు. "పెద్దవారమిద్దరికీ వినబడని శబ్దం నీకొక్కడికే వినబడుతున్నదా? పాఠం తప్పినవాడు కారణం వెతుక్కోకూడదు" అన్నారు. బాలుడు తలవంచుకున్నాడు. మరల ఆ మాట ఎత్తలేదు, తడబాటు మాత్రం పోలేదు. మూడువారాలు గడిచాక గురువుగారు, "ఈ ఏడు నిన్ను పరీక్షకు పంపను. ముందు చిత్తం నిలుపుకో" అని తేల్చి చెప్పారు. ఆ రాత్రి బాలుడు భోజనం చేయలేదు.

ఆషాఢంలో బోనాల పండుగకు కుమార్తె, పదేళ్ల మనుమరాలు వచ్చారు. పాతబస్తీలో ఆ దినాలలో డప్పుల మ్రోత, పోతరాజుల కొరడాల చప్పుడు, వీధివీధినా జనసమ్మర్దం. పగలంతా ఎవరికీ ఏ సూక్ష్మశబ్దమూ తెలియదు. రాత్రి ఊరు మాటుమణిగిన వేళ తాతగారు యంత్రం తెరిచి ఏదో చూస్తూ ఉండగా మనుమరాలు గదిలోకి వచ్చి వెంటనే రెండు చెవులూ మూసుకొన్నది. "తాతా, ఈ కీచురాయిని ఆపవూ? నువ్వు వేలితో జరిపినప్పుడల్లా గొంతు మారుస్తున్నది!"

ఆ బాలిక పాఠం తప్పలేదు, సాకు చెప్పవలసిన అవసరమూ లేదు. శిష్యుడు మూడువారాల క్రితం చెప్పిన మాటనే, అతనితో ఎన్నడూ మాట్లాడనిది చెప్పింది. అర్చకస్వామివారు చాలాసేపు మౌనంగా కూర్చున్నారు.

ప్రమాణశాస్త్రం చదివినవారికి ఈ సందర్భంలో ఒక విషయం స్ఫురించక మానదు. భాట్టమీమాంసకులు, అద్వైతులు 'అనుపలబ్ధి'ని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. భూతలంపై ఘటం కనబడకపోతే ఘటం లేదని తెలుసుకొంటాము. ఈ జ్ఞానానికి అనుపలబ్ధియే సాధనం. అయితే ప్రతి అనుపలబ్ధీ ప్రమాణం కాదు. ఉంటే తప్పక కనబడదగిన పరిస్థితిలో కనబడకపోవడమే 'యోగ్యానుపలబ్ధి', అదే ప్రమాణం. చీకటిగదిలో ఘటం కనబడలేదు గనుక ఘటం లేదని నిర్ణయించేవాడు చీకటిని మరచినవాడు. గురువుగారు వినలేదన్నది సత్యమే. కాని 'ఉంటే నాకు తప్పక వినబడేది' అని వారు పరీక్షించకుండానే అనుకొన్నారు. పొరపాటు అక్కడ జరిగింది.

ఉన్న వస్తువు గోచరించకపోవడానికి ఎనిమిది కారణాలను సాంఖ్యకారిక పరిగణించింది. అతిదూరం, అతిసామీప్యం, ఇంద్రియలోపం, మనస్సు నిలకడగా లేకపోవడం, సూక్ష్మత్వం, అడ్డు, బలవత్తరమైన మరొకదానిచే అణచబడడం, సజాతీయంలో కలిసిపోవడం. పగటివేళ సూర్యకాంతిలో నక్షత్రాలు కనబడవు. అదే విధంగా వీధిలోని ఆటోల రొద, చార్మినారు ప్రాంతపు దుకాణాలలో వెండిరేకు వరఖును పలుచగా సాగగొట్టే సుత్తుల చప్పుడు, ఆలయఘంటలు, నమాజు పిలుపు, వీటి మధ్య ఒక యంత్రపు సన్నని కూత అణగిపోతుంది. బోనాలనాటి పగలు మనుమరాలికి సైతం అది వినబడకపోవడానికి ఇదే కారణం. తెల్లవారుజాము నిశ్శబ్దంలో గురువుగారికి వినబడకపోవడానికి మాత్రం వేరొక కారణం ఉన్నది. అది వయస్సు.

మానవకర్ణం సామాన్యంగా సెకనుకు 20 మొదలు 20,000 కంపనాల వరకు గల శబ్దాలను గ్రహిస్తుంది. వయస్సు పెరిగినకొద్దీ లోపలి చెవిలోని సూక్ష్మకేశకణాలు క్షీణిస్తాయి. మొట్టమొదట పోయేది అత్యున్నత శ్రుతులే. యాభై దాటిన వారిలో అనేకులకు 12,000కు పైబడిన కంపనాలు అసలే వినబడవు. ఈ భేదాన్ని ఆధారం చేసుకొని 2005లో వేల్సులో హోవర్డ్ స్టేపుల్టన్ అనే వ్యక్తి 'మస్కిటో' అనే ఉపకరణాన్ని రూపొందించాడు. సుమారు 17,400 కంపనాల ఆ కూత దుకాణాల ముందు గుమిగూడే యువకులను బాధిస్తుంది. ప్రక్కనే నిలిచిన వృద్ధులకు అక్కడ శబ్దమే లేదు. ఒకే స్థలం, ఒకే క్షణం, ఇద్దరికి రెండు ప్రపంచాలు.

మరునాడు గురువుగారు శిష్యుని వెంటబెట్టుకొని, యంత్రాన్ని సంచిలో పెట్టుకొని, కోఠీలో కంప్యూటర్లు బాగుచేసే ఒక యువకుని వద్దకు వెళ్లారు. అతడు యంత్రం తెరవగానే, "కాయిల్ కూత పంతులుగారూ, నాకు ఇక్కడికే వినబడుతున్నది" అన్నాడు. ఉర్దూ కలిసిన తెలుగులో అతడు వివరించినదాని సారాంశం ఇది.

ల్యాప్‌టాప్‌కు ఛార్జరు నుండి వచ్చే విద్యుత్తు సుమారు 20 వోల్టులు. ప్రాసెసరుకు కావలసినది ఇంచుమించు ఒక్క వోల్టు. ఇంత తగ్గింపును మదర్‌బోర్డుపై ఉన్న చిన్నచిన్న తీగచుట్టలు, కెపాసిటర్లు సాధిస్తాయి. వీటితో కలిసి పనిచేసే ట్రాన్సిస్టరు స్విచ్చులు సెకనుకు కొన్ని లక్షల పర్యాయాలు విద్యుత్తును తెరుస్తూ మూస్తూ ఉంటాయి. ఆ వేగం ఎవరి చెవికీ అందదు. కాని ప్రాసెసరు ఒక్కసారి శ్రమించి, ఒక్కసారి విశ్రమించి, మరల శ్రమించినప్పుడు ఆ విద్యుత్ప్రవాహం గుంపులు గుంపులుగా సాగుతుంది. ఆ గుంపుల లయ చెవికి అందే పరిధిలోకి దిగితే అయస్కాంతబలం చేత తీగచుట్ట అదురుతుంది. పింగాణీ కెపాసిటర్లు సైతం వోల్టేజి మారినప్పుడల్లా అణుమాత్రం సాగి ముడుచుకొని, తమ క్రింది బోర్డును మృదంగచర్మం వలె కంపింపజేస్తాయి. తెరపై పుట జరిపినప్పుడు కూత గొంతు మారడానికి కారణం ఇదే. పనిభారం మారితే లయ మారుతుంది.

శబ్దం సంయోగం వలన, విభాగం వలన, శబ్దం వలన పుడుతుందని వైశేషికులు చెప్పారు. చెరువులో రాయి పడితే అలను అల పుట్టించినట్లు శబ్దపరంపర చెవిని చేరుతుందని వీచీతరంగన్యాయం. ఆ యువకుని మాటలు వింటూ ఉంటే తీగచుట్టలో జరిగేది ఆ ప్రాచీనదృష్టికి పరాయిది కాదని అర్చకస్వామివారికి తోచింది.

ఇక్కడ సాధకులకు ఒక హెచ్చరిక అవసరం. ఆలయానికి వచ్చే ఒక నడివయసు భక్తుడు తెల్లవారుజామున ప్రక్కగదిలో ధ్యానం చేసుకొంటూ, కొద్దిరోజులుగా తనకు తుమ్మెదఝంకారం వంటి నాదం వినబడుతున్నదని పరమానందంతో చెప్పి ఉన్నాడు. నాదబిందూపనిషత్తు యోగికి కలిగే అంతర్నాదాలలో భ్రమరధ్వనిని పేర్కొన్నమాట నిజమే. కాని అనాహతం అంటే తాడనం లేకుండా భాసించేది. ల్యాప్‌టాప్ కూత కంపనజన్యం గనుక ఆహతమే. యంత్రం ఆపివేసిన మరుక్షణం ఆగిపోయే నాదం హృదయాకాశంలోనిది కాదు. ఈ పరీక్ష ఆ భక్తునికి చెప్పడానికి గురువుగారు సంకోచించారు. చివరకు చెప్పారు. అతడు రెండుదినాలు చిన్నబోయి, మూడవనాడు నవ్వుతూ వచ్చి మరల ఆసనంపై కూర్చున్నాడు. భ్రాంతి తొలగితే సాధన పోదు.

యంత్రశబ్దాలన్నీ ఒక్కటి కావు గనుక ఆ యువకుడు చూపిన వివేచనక్రమం గృహస్థులకు ఉపకరిస్తుంది. ఛార్జరు తీసివేసి బ్యాటరీపై నడిపినప్పుడు శబ్దం ఆగితే, మూలం ఛార్జరులోనో ఇంటి విద్యుత్తులోనో ఉండవచ్చు. వేడి పెరిగినకొద్దీ మెల్లగా హెచ్చి, పని ఆపినా కొంతసేపు సాగే గాలిహోరు ఫ్యానుది. అది గరగరలాడితే దుమ్మో, అరుగుదలో కారణం. పుట జరిపిన క్షణమే మారే కీచు తీగచుట్టలది. స్పీకర్లలో మాత్రమే వినబడే జుమ్మనే ధ్వనికి తరచుగా ఎర్తింగు లోపం కారణమవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు సరిగా ఉన్న సాకెట్టు వాడి చూడాలి. పాత ఇండ్లలో ఎర్తింగును విద్యుత్ పనివానిచేత పరీక్షింపజేయడం అన్నివిధాలా మంచిది. చిటపట శబ్దం, కాలిన వాసన, ఉబ్బిన బ్యాటరీ, ఈ మూడింటిలో ఏది ఉన్నా తక్షణం ఆపివేయాలి. ఉత్త కాయిల్ కూత అపాయం కాదు.

అపాయం కాదన్నమాట విని గురువుగారు ఊరట చెందారు. కాని కొన్న దుకాణంలో విచారించగా, మార్చి ఇచ్చే గడువు పదిదినాలేనని, అది ఎప్పుడో దాటినదని చెప్పారు. శిష్యుడు మొదటిసారి చెప్పిన నాడే నమ్మి ఉంటే యంత్రం మారి ఉండేది. తమ నిశ్చయానికి మూల్యం ఎంతో వారికి ఆ కౌంటరు ముందు తెలిసింది.

ఉన్నదానితోనే ఉపాయం ఆలోచించారు. యంత్రాన్ని తక్కువ విద్యుత్తు వాడే పద్ధతిలో ఉంచారు. తెరవెలుగును మార్చి చూసి, కూత తగ్గిన చోట నిలిపారు. పొడవైన తీగ గల మైకును తెచ్చి, యంత్రాన్ని గది చివరి పీటపైకి జరిపారు. అమ్మగారు దానిపై పట్టువస్త్రం కప్పబోగా బాలుడే వారించాడు. గాలిమార్గాలు మూసుకొంటే వేడెక్కుతుందని కోఠీలో విని వచ్చాడు కదా. కూత పూర్తిగా పోలేదు. అయితే బాలుని చెవికి దూరమైంది, అతని స్వరం యథాస్థానానికి వచ్చింది.

కథ ఇంతటితో ముగిసినదని కుటుంబసభ్యులు తలచారు. గురువుగారికి మాత్రం నిద్రపట్టలేదు. కీచుశబ్దం వినకపోతే నష్టం లేదు. కాని వేదం చెప్పేవాని చెవి ఉన్నతశ్రుతులను కోల్పోతే నష్టపోయేదేమిటి? ఉదాత్తానుదాత్తస్వరితాల హెచ్చుతగ్గులు సెకనుకు కొన్ని వందల కంపనాల లోపలివి. వాటికి ఇంకా భయం లేదు. కాని శకార షకార సకారాల భేదం ఎక్కువగా కొన్నివేల కంపనాల శ్రుతులలో వసిస్తుంది. శిష్యుడు ఊష్మాక్షరం తప్పు పలికితే, గురువు చెవి తనకు తెలిసిన మంత్రాన్ని తానే సరిచేసి వినవచ్చు. తప్పు దిద్దబడక ఆ శిష్యుని నోట నిలిచి, అతని శిష్యుల నోటికి చేరవచ్చు. ఒక్క స్వరం తప్పినందున 'ఇంద్రశత్రు' శబ్దం యజమానినే దెబ్బతీసిన వృత్తాంతం ప్రతి వేదవిద్యార్థికీ మొదటి భయం. ముప్పై ఏళ్లుగా ఆ కథను ఇతరులకు చెప్పినవారు, ఆ రాత్రి దానిని తమకు చెప్పుకొన్నారు.

వారు చెవివైద్యుని వద్ద పరీక్ష చేయించుకొన్నారు. సామాన్యంగా ఆ పరీక్ష 250 మొదలు 8,000 కంపనాల వరకు సాగుతుంది. గీత మొదట సమంగా నడిచి, 4,000 దాటిన తరువాత క్రిందికి వాలింది. వైద్యుడు వయోధర్మమని అన్నాడు. తిరిగి వచ్చి వారు తమ పూర్వశిష్యుడు, ముప్పైయేళ్ల ఘనపాఠిని పిలిపించి, "నెలకొకమారు వచ్చి మా పిల్లల ఊష్మాలు విను నాయనా. నా చెవి ఇక ఒంటరిగా చాలదు" అని కోరారు. గురువు శిష్యునితో ఈ మాట చెప్పడం ఎంత కఠినమో, చెప్పినవారికే తెలుస్తుంది. ఆ ఘనపాఠి సాష్టాంగపడి, "మీ ఆజ్ఞ గురువుగారూ" అని మాత్రం అన్నాడు.

అనంతరం నలుగురు బాలురను కూర్చోబెట్టి, పెద్దవానితో అందరి ఎదుటా ఇలా అన్నారు. "నాయనా, ఉన్నదానిని ఉన్నట్లు తెలిసి ఉన్నట్లు చెప్పేవాడు ఆప్తుడని మీకు నేను చెప్పాను. నీవు ఆప్తుడవై చెప్పావు. నేను వయస్సు చూశాను, వాక్యం చూడలేదు. యుక్తియుక్తమైన మాట బాలుడు చెప్పినా గ్రాహ్యమని యోగవాసిష్ఠం చదివి ఏం లాభం? ఈ ఏడు నీవు పరీక్షకు వెళుతున్నావు."

బాలుడు కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా, "గురువుగారూ, ఇకమీద మీకు వినబడనివి నేను చెప్పవచ్చునా?" అని అడిగాడు.

"చెప్పితీరాలి" అన్నారు.

సాధకులారా, మన ఇండ్లలో బాలురు, స్త్రీలు, రోగులు 'ఇక్కడ ఏదో బాధిస్తున్నది' అన్నప్పుడు మనకు తెలియలేదన్న ఒక్క కారణంతో ఎన్నిమార్లు కొట్టివేస్తామో ఆలోచించండి. 'లేదు' అనడానికి ముందు, ఉంటే గ్రహించగల యోగ్యత మనకు ఉన్నదా అని ఒక్కసారి ప్రశ్నించుకొందాము.

స్వస్తి.