చాటుగా తాగేవాడికి తోడెవరు?

బోస్టన్‌కు పడమట ఇరవై మైళ్ల దూరంలో ఫ్రామింగ్‌హామ్ ఉంది. పక్క ఊరు యాష్‌ల్యాండ్‌లో శ్రీలక్ష్మి ఆలయం ఉండడంతో మసాచుసెట్స్ తెలుగువాళ్లలో ఆ దారి తెలియనివాళ్లు అరుదు. దర్శనానికి వెళ్తూ వాళ్లు దాటిపోయే ఆ ఊరికి వైద్యచరిత్రలో పెద్ద పేరుంది. గుండెజబ్బులు ఎందుకొస్తాయో తెలుసుకోవడానికి 1948లో అక్కడ 5,209 మందితో ఒక అధ్యయనం మొదలైంది. 1971లో వాళ్ల పిల్లల్నీ చేర్చుకున్నారు. రక్తపోటు, కొలెస్టరాల్, సిగరెట్ గుండెకు చేటని ప్రపంచానికి గట్టిగా చెప్పినవాటిలో ఆ అధ్యయనం ముందువరసలో ఉంటుంది.

అంతకాలం సాగే పనిలో మనుషులు ఇల్లు మారతారు, ఊరు మారతారు. వాళ్లను మళ్లీ పట్టుకోవడానికి సిబ్బంది ప్రతిసారీ ఒక కాగితం మీద దగ్గరివాళ్ల పేర్లు రాయించుకునేవారు. భార్య లేదా భర్త, తోబుట్టువులు, ఆప్తమిత్రుడు. చిరునామా దొరకడం కోసం పెట్టిన కాగితాలవి. దశాబ్దాల తర్వాత నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అనే ఇద్దరు పరిశోధకులు వాటిని బయటికి తీసి, ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరు ఎప్పుడు సిగరెట్ మానేశారో గీతలు గీసి చూశారు. 12,067 మంది, 1971 నుంచి 2003 దాకా. ఫలితాలు 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

దంపతుల్లో ఒకరు మానేస్తే రెండోవారు సిగరెట్ తాగే అవకాశం 67 శాతం తగ్గింది. స్నేహితుడు మానేస్తే 36 శాతం, చిన్న సంస్థలో పక్కన పనిచేసే మనిషి మానేస్తే 34 శాతం, తోబుట్టువు మానేస్తే 25 శాతం. పక్కింటివాళ్లు మానేస్తే మాత్రం ఏ మార్పూ కనిపించలేదు. ఒకే చోట ఉండడం కన్నా ఒకరికొకరు కావడమే లెక్కకొచ్చింది. మానేసినవాళ్లు ఎక్కువగా ఒక్కొక్కరుగా కాక జట్లుజట్లుగా మానేశారు. మిగిలిపోయి తాగేవాళ్లు ఏడాదికేడాది స్నేహాల అంచుకు జరిగిపోయారు. ఇది స్నేహితుడి ప్రభావమా, ఒకే రకం మనుషులు ఒకచోట చేరడమా అని గణాంక నిపుణులు ప్రశ్నించారు. ఆ వాదన ఇంకా ముగియలేదు. అయినా మానేసినవాళ్లను అడిగితే చాలామంది ఒక మనిషి పేరు చెబుతారు.

ఆ పేరు లేనివాళ్లు ప్రవాస తెలుగుల్లో చాలామంది ఉన్నారు. కారణం పెంపకంలోనే ఉంది. పెద్దల ముందు సిగరెట్ వెలిగించకూడదు, నాన్నకు తెలియకూడదు, మామగారు వస్తే దాచేయాలి. అది మర్యాద. ఆ మర్యాద విమానం ఎక్కి ఇక్కడికీ వస్తుంది. దాంతో ఒక మనిషి పదిహేనేళ్లు సిగరెట్ తాగినా ఇంట్లో ఎవరికీ 'తెలియదు'. జాకెట్‌కు అంటిన వాసన భార్యకు తెలుస్తుంది, పిల్లలకూ తెలుస్తుంది. ఎవరూ ఆ మాట ఎత్తరు. ఇక్కడ బయట తాగేవాళ్లు కూడా తగ్గిపోయారు. మసాచుసెట్స్‌లో 2004 జులై నుంచి ఆఫీసుల్లో, హోటళ్లలో, బార్లలో పొగ నిషేధం. ఊళ్లో ఉన్నప్పుడు టీ బంకు దగ్గర నలుగురితో కలిసి కాల్చిన మనిషి ఇప్పుడు మంచులో, పార్కింగ్‌లో ఒంటరిగా కాలుస్తాడు. తాగుతున్నట్టే ఎవరికీ తెలియనప్పుడు, మానేస్తుంటే భుజం తట్టేదెవరు?

వెస్ట్‌బరోలో ఉండే ఒక ఇంజనీరుది ఇదే కథ. ఊరు ఒంగోలు దగ్గర. నాన్న వర్జీనియా పొగాకు పండించాడు. బ్యారన్లో ఆకు కాల్చిన డబ్బుతోనే కొడుకు చదువు పూర్తయింది. కొడుకు కారులో చూయింగ్ గమ్, సోంపు, చేతులకు రాసుకునే శానిటైజర్ ఎప్పుడూ ఉండేవి. మానేయాలని అనుకోని సంవత్సరం లేదు. అనుకున్న సంగతి ఎవరికీ చెప్పిందీ లేదు. తప్పిపోయినప్పుడు ఆ సంగతీ తనలోనే ఉండిపోయేది.

మలుపు బ్యాడ్మింటన్ కోర్టు దగ్గర వచ్చింది. తనలాగే చాటుగా తాగే గుంటూరు స్నేహితుడు ఒకరోజు ఆట అయ్యాక, "బావా, సోమవారం నుంచి మానేస్తున్నా. ఒక్కడివల్ల కావట్లేదు. నువ్వూ రా" అన్నాడు. ఇద్దరూ డాక్టర్లను కలిశారు, నికోటిన్ ప్యాచీలు తెచ్చుకున్నారు. ఆ రాత్రే ఇంజనీరు భార్యకు చెప్పాడు. ఆమె వెంటనే కోప్పడలేదు. "నాకు తెలుసండీ. మీరు చెబుతారేమోనని చూస్తున్నా. ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పండి" అంది. అతను అడిగింది రెండే: రోజూ "తాగారా?" అని అడగొద్దు, భోజనం అయ్యాక కాసేపు కలిసి నడుద్దాం. ఆ వేళే అతని చెయ్యి సిగరెట్ కోసం వెతికేది. ఒక పార్టీలో అతను తప్పిపోయాడు. మర్నాడు స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పగలిగాడు. అదివరకు తప్పిపోయినప్పుడల్లా పూర్తిగా వదిలేసేవాడు. ఈసారి ప్యాచీ మళ్లీ అంటించుకున్నాడు.

ఆ ఇల్లాలు చేసిన పనికి పరిశోధనలో ఆధారం ఉంది. షెల్డన్ కోహెన్, ఎడ్వర్డ్ లిక్టెన్‌స్టీన్ 1990లో ప్రచురించిన అధ్యయనంలో, మానేయడానికి సిద్ధమైనవాళ్లను వాళ్ల భాగస్వాములు ఏం చేస్తున్నారని అడిగారు. మెచ్చుకోవడం, తోడుండడం, విసుగును ఓర్చుకోవడం ఒకవైపు. సణుగుడు, దెప్పిపొడుపు, నిఘా ఇంకోవైపు. చాలా ఇళ్లలో రెండూ ఉంటాయి. మొదటివి రెండోవాటికన్నా ఎక్కువున్న ఇళ్లలోవాళ్లే ఎక్కువగా నిలదొక్కుకున్నారు. మరి భాగస్వాములకు ఎలా ప్రోత్సహించాలో నేర్పిస్తే సరిపోతుందా? అలా నేర్పిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో మానేసినవాళ్ల సంఖ్య పెరిగినట్టు కనబడలేదు. అప్పటిదాకా ఇంట్లో లేని ఆదరణ కరపత్రం చదివితే రాదు. ఏం కావాలో అడగాల్సింది ఆ మనిషినే.

అడిగేవాళ్లు ఇంటివాళ్లే కానక్కర్లేదు. లండన్‌లో 28 మంది డాక్టర్ల దగ్గర 2,138 మంది పొగతాగేవాళ్లతో చేసిన ప్రయోగం 1979లో వచ్చింది. ఏమీ చెప్పకుండా వదిలేసినవాళ్లలో 0.3 శాతం మంది మానేసి, ఏడాది తర్వాత కూడా నిలిచారు. మానేయమని ఒకటి రెండు నిమిషాలు చెప్పి, కరపత్రం ఇచ్చి, "మళ్లీ కనుక్కుంటాం" అని డాక్టర్లు చెప్పినవాళ్లలో 5.1 శాతం. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ప్రతి డాక్టరూ ప్రతి రోగికీ ఆ మాట చెబితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఊహించుకోవచ్చు.

ఆ "మళ్లీ కనుక్కుంటాం" అన్న మాట బలం శ్రీకాకుళం జిల్లాలోనూ రుజువైంది. కాలుతున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం అక్కడి ఆడవాళ్లలో పాత అలవాటు. దాన్ని అడ్డపొగ అంటారు. అంగిలిలో క్యాన్సర్‌కు అది దారి. ముంబైలోని టాటా పరిశోధన సంస్థవాళ్లు శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల పల్లెల్లో 36 వేలమందికి పైగా పొగాకు వాడేవాళ్ల ఇళ్లకు ఏటేటా వెళ్లారు. నోరు పరీక్షించి, మానేయమని ఒక్కొక్కరికీ విడిగా చెప్పారు, సినిమాలు వేసి చూపించారు. అయిదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అలా పలకరించినవాళ్లలో మానేసినవాళ్లు, తగ్గించినవాళ్లు పెరిగారు. క్యాన్సర్‌కు ముందు కనిపించే తెల్లమచ్చలు తగ్గాయి. గడపలోకి వచ్చి, ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చి, "ఎలా ఉందమ్మా" అని అడిగే మనిషి ఉండడమే అక్కడ వైద్యమైంది.

అమెరికాలో 2022లో పెద్దవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు 2.88 కోట్లు. వాళ్లలో 67.7 శాతం మందికి మానేయాలని ఉంది. ఆ ఏడాది 53.3 శాతం ప్రయత్నించారు. నిలిచింది 8.8 శాతం. కోరిక లేక కాదన్నది స్పష్టం. ప్యాచీలు, గమ్, వరెనిక్లిన్ మాత్రలు పనిచేస్తాయి. వాటికి కౌన్సెలింగ్ తోడైతే ఇంకా బాగా పనిచేస్తాయి. 1-800-784-8669కి ఫోన్ చేస్తే ఏ రాష్ట్రంలోనైనా ఉచితంగా సలహాదారు దొరుకుతారు. ఆసియావాళ్ల కోసం శాన్ డియెగో నుంచి 2012లో దేశమంతటికీ విస్తరించిన లైన్‌లో కాంటనీస్, మాండరిన్, కొరియన్, వియత్నామీస్ మాట్లాడతారు. ఇంటివాళ్లు కూడా ఫోన్ చేసి సలహా అడగొచ్చు. అందులో తెలుగు లేదు. ఇన్ని లక్షలమంది ఉన్న తెలుగు సమాజం అడగాల్సిన సేవ అది. ఇండియాలో ఉన్న తండ్రికో మామయ్యకో అయితే సిగరెట్ పెట్టెల మీద ముద్రించే 1800-11-2356 ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ కేంద్రం ద్వారా తెలుగులోనూ మాట్లాడతారు.

తెలుగు సంఘాలకు పని మొదలుపెట్టే రోజు కూడా సిద్ధంగా ఉంది, అదీ మసాచుసెట్స్‌లోనే పుట్టింది. 1970లో బోస్టన్‌కు దక్షిణాన రాండాల్ఫ్‌లో ఆర్థర్ ములేనీ అనే స్కూలు కౌన్సెలర్, ఒక్కరోజు సిగరెట్ మానేసి ఆ డబ్బు పిల్లల స్కాలర్‌షిప్పులకు ఇవ్వమని ఊరివాళ్లను అడిగాడు. ఆ ఆలోచన మిన్నెసోటాకు, కాలిఫోర్నియాకు పాకి, 1977 నుంచి అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆధ్వర్యంలో ఏటా నవంబరు మూడో గురువారం దేశమంతా జరుగుతోంది. సరిగ్గా వారానికి థాంక్స్‌గివింగ్. నాలుగు రోజుల సెలవు, ఇళ్లనిండా స్నేహితులు, గరాజ్‌లో పేకాట, మందు, డెక్ మీద దమ్ము. ఆ గురువారం మానేసిన మనిషికి అప్పటికి వారమే అవుతుంది. చిరాకు, నిద్రలేమి ఇంకా తగ్గని సమయమది. విందుకు పిలిచే ఇల్లు ముందే ఫోన్ చేసి "ఈసారి మా డెక్ మీద సిగరెట్ లేదు, నువ్వు తప్పకుండా రా" అని చెప్పొచ్చు. ఎప్పుడూ తనతో బయటికి వెళ్లే స్నేహితుడు ఆ నాలుగు రోజులు తానూ ఆపొచ్చు. మానేసిన మనిషి నోరు జారి కసిరితే దాన్ని పొగ మానేసిన చిరాకుగా తీసుకుని ఇంటివాళ్లు ఊరుకోవచ్చు. డిసెంబరులో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉందో అడగొచ్చు.