ఉత్తరపు గదికి నీలం

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో గోడలు చాలావరకు వెన్నరంగులోనే ఉంటాయి. అద్దె అపార్టుమెంటులో ఇంటివాళ్ళు వేయించిన రంగు అది. సొంత ఇల్లు కొనుక్కున్నాక కూడా చెయ్యి ఆ డబ్బా మీదికే పోతుంది. ఎందుకని అడిగితే "రేపు అమ్మాల్సి వస్తే లేతరంగే మేలు" అంటాం. ఇరవై యేళ్ళు మనం ఉండబోయే ఇంటిని, ఎన్నడూ ముఖం చూడని ఆ కొనబోయే పెద్దమనిషికి నచ్చేట్టు ఉంచుతామన్నమాట. డెట్రాయిట్ శివార్లలో మేమూ అట్లాగే పదమూడేళ్ళు గడిపాం. నిరుడు శరత్కాలంలో ఉత్తరం వైపు గదికి నీలం వేయవలసి వచ్చింది. ఒక్క గది, నాలుగు గోడలు. ఆరు వారాలు పట్టింది.

ఆ గది అమ్మది. మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తయ్య. నాన్నగారు పోయిన తర్వాత తెనాలి దగ్గర మా పల్లె నుంచి సెప్టెంబరులో వచ్చింది, ఆరు నెలల తిరుగు టికెట్టుతో. మళ్ళీ వస్తుందో, వెళ్ళి ఆ ఇంట్లో ఒంటరిగా ఉండిపోతుందో మేము అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నాన్నగారి పటం పెట్టెలోనే చీరల మధ్య ఉంచింది, బయటికి తియ్యలేదు. వచ్చిన నాలుగో రోజున గోడల వంక చూసి, "ఏం అమ్మాయ్, వెల్లలో నీలిమందు వెయ్యడం మర్చిపోయారా? పాలిపోయినట్టుందే! కాస్త నీలం వేయించండి" అంది. ఈ ఇంట్లో తన కోసమని ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అందుకే మేమూ ఆషామాషీగా తీసుకోలేదు.

ఇక్కడి రంగుల కొట్టుకు వెళితే నీలాలే గోడంతా ఉన్నాయి. పేర్లు చూస్తే రంగు బోధపడదు. ఒకదానికి సముద్రతీరం పేరు, ఒకదానికి ఎవరో దొరసాని పేరు, ఒకదానికి వానాకాలపు సాయంత్రం పేరు. మన చీరల కొట్లో నెమలికంఠం అన్నా, మైలుతుత్తం అన్నా చీటీ చూపించనక్కరలేదు గదా! పేర్లు వదిలేసి చీటీ వెనక ఉండే అంకె చూడడం నేర్చుకున్నాం. గోడ మీద పడ్డ వెలుగులో నూటికి ఎంత తిరిగి వస్తుందో చెప్పే అంకె అది. నలుపుకి సున్నా దగ్గర, తెలుపుకి నూరు దగ్గర. చీకటి గదికి 60కి తగ్గకుండా ఉంటే మంచిదని కొట్టులోని ముసలాయన చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు. చీటీ మీద లేతగా కనిపించిన నీలం నాలుగు గోడలకూ ఎక్కాక ఒక గోడ వెలుగు ఇంకో గోడ మీద పడి చిక్కబడుతుందట. నచ్చినదాని కంటే ఒక మెట్టు లేతది పట్టుకుపొమ్మన్నాడు.

అసలు చిక్కు వెలుగుతో వచ్చింది. తెనాలిలో డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఇక్కడ అదే రోజున 24 డిగ్రీలు దాటడు. ఉత్తరపు గదిలోకి శీతాకాలమంతా ఎండ పొడ అన్నది రాదు, ఆకాశపు వెలుగు మాత్రమే వస్తుంది. ఆ వెలుగులోనే చల్లదనం ఉంది. మన ఊళ్ళో మండే ఎండకి చలవగా ఉండే నీలం ఇక్కడికొచ్చి బూడిద పూసినట్టు అవుతుంది. సాయంత్రం ఇంకో రకం. 2700 కెల్విన్ బల్బు వేస్తే ఆ పసుపు వెలుగులో నీలం ఆకుపచ్చ వైపో బూడిద వైపో జారిపోతుంది. అదే నీలం దక్షిణపు గదిలో మా అబ్బాయి బల్ల దగ్గర పెడితే హాయిగా నవ్వుతూ ఉంటుంది.

కనుక గోడ మీద నేరుగా పూయకుండా రెండడుగుల అట్టలు నాలుగు తెచ్చి, ఒక్కొక్కదానికి ఒక్కో నీలం రెండు పూతలు వేశాం. ఆరేదాకా ఆగి మరీ చూశాం, ఈ నీళ్ళరంగులు తడిమీద ఒకలాగా, ఆరాక కాస్త ముదురుగా కనిపిస్తాయి. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక, రోజుకి మూడుసార్లు వాటిని గోడ నుంచి గోడకి మార్చుకుంటూ తిరిగాం. పిల్లలకి ఇదొక తమాషా.

అమ్మ మంచం మీద కూర్చుని తీర్పులు చెప్పేది. ఆకుపచ్చ పాలు ఉన్నదాన్ని చూసి "ఇది ఆస్పత్రి గోడ" అంది. నాన్నగారి చివరి మూడు వారాలు ఆస్పత్రిలోనే గడిచాయి, దాన్ని వెంటనే బేస్‌మెంటులోకి దింపేశాం. బూడిద పాలు ఉన్నదాన్ని "ముసురు పట్టింది" అంది. మిగిలిన రెంటి విషయంలో మాత్రం మాట మారేది. పొద్దున బాగుందన్నదే సాయంత్రం మురికిగా ఉందనేది. ఒకరోజు చూస్తుండగానే ఒక కన్ను మూసి, తెరిచి, రెండోది మూసింది. "ఒరేయ్, ఈ కంటికి నీలంగానే ఉంది, ఈ కంటికి మట్టినీళ్ళలా ఉంది" అంది.

వచ్చేముందు గుంటూరులో ఆవిడకు కుడికంటి శుక్లం ఆపరేషను అయింది. ఎడమది ఇంకా చేయించుకోలేదు. వయసు పెరిగేకొద్దీ కంటిలోని సహజమైన కటకం పసుపుబారుతుంది. పసుపు అద్దంలోంచి చూస్తే ముందు పోయేది నీలమే. ఆపరేషను చేసి తెల్లటి కటకం పెట్టగానే ఇన్నేళ్ళుగా ఆగిపోయిన నీలమంతా ఒక్కసారి లోపలికి వస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే కుడికంటికి 1923లో ఈ ఆపరేషను జరిగినప్పుడు అన్నీ మరీ నీలంగా ఉన్నాయని గోల పెట్టాడట. మేమిద్దరం ఒకే అట్టను చూసి వాదించుకుంటున్నాం గానీ, ఆ గదిలో పడుకోబోయే మనిషికి ఒక్క గోడే రెండు గోడలుగా కనిపిస్తోంది!

ఇక రెండు కళ్ళకీ ఓర్చుకునే నీలం వెతకవలసి వచ్చింది. ఇక్కడ ఆవిడ మొదట అన్న నీలిమందు మాటే దారి చూపింది. పండక్కి వెల్ల వెయ్యడం గుర్తున్నవాళ్ళకి ఇది కొత్త కాదు. గోలెంలో సున్నం నానబెట్టి, వడకట్టి, కాస్త గంజో జిగురో కలిపి, చివర్లో నీలిమందు మూటగట్టి ముంచి తిప్పేవారు. దానికి కొలత లేదు, చూపే కొలత. సున్నంలోని పసుపు ఛాయని ఆ నీలం విరుస్తుంది కనుక తెలుపు తెల్లగా కనిపిస్తుంది. పంచెలకు పెట్టినా ఇందుకే. పేరు మాత్రం నీలి మొక్కది, ఒకప్పుడు మన కడప, నెల్లూరు ప్రాంతాల్లో విరివిగా పండి ఓడలెక్కిన పైరు. మనం కొట్లో పొట్లం కట్టించుకున్న పొడి మాత్రం అల్ట్రామెరీన్. ఆఫ్ఘనిస్తాన్ కొండల్లోని రాయిని నూరి తీసే ఆ రంగు వెనకటికి బంగారంతో సమానం. 1828లో గిమే అనే ఫ్రెంచి ఆయన దాన్ని కృత్రిమంగా చేసి బహుమతి కొట్టాక చవకై, చాకలి రేవు దాకా వచ్చింది. సున్నపు ఘాటుకి అది చెడదు. ప్రష్యన్ నీలమైతే సున్నంలో విరిగిపోయి గోధుమరంగుకి తిరుగుతుంది. మన తాతలు ఇవన్నీ చదవలేదు గానీ సరైన పొడినే వేశారు.

మాకు పనికొచ్చిన సంగతి ఏమంటే, అల్ట్రామెరీన్‌లో ఎరుపు పాలు ఎక్కువ, కొంచెం ఊదా వైపు ఒరుగుతుంది. ఇక్కడి కొట్లలో మర రంగు కలిపేటప్పుడు వాడే నీలం సాధారణంగా థాలో అనేది, రాగి కలిసిన రసాయనం, 1930ల మధ్యలో బజారుకెక్కింది. అది ఆకుపచ్చ వైపు ఒరుగుతుంది. ఆస్పత్రి గోడ అక్కడి నుంచే వచ్చింది! కొట్టు ముసలాయనకి ఇదంతా చెప్పి, ఒక చెంచాడు నీలిమందు తెల్లరంగులో కలిపి అట్టమీద పూసి పట్టుకెళ్ళాం. (భారతీయ సరుకుల కొట్లో నీలిమందు దొరకదనుకోకండి, వెనక అరలో అడగండి.) ఆయన అట్టను మర కన్ను కింద పెట్టి, థాలో చుక్కలకి మెజెంటా చుక్కలు జోడించి అచ్చంగా దించాడు. అంకె 70 దాటింది. ఒంటరిగా చూస్తే నీలమో తెలుపో చెప్పలేం, పక్కన తెల్ల కాగితం పెడితే నీలమని తెలుస్తుంది.

అమ్మ కుడికంటితో చూసి "నీలం" అంది. ఎడమకంటితో చూసి "తెలుపు" అంది. రెండూ తెరిచి, "ఊఁ, ఇది పండగ గోడ" అంది.

తర్వాతది మామూలు పనే. అక్టోబరు దాటితే కిటికీలు తెరవలేం కనుక రెండు శని ఆదివారాల్లో ముగించాం. గాలను రంగు 350 నుంచి 400 చదరపు అడుగులు వస్తుంది, రెండు పూతలకి రెండు గాలన్లు సరిపోయాయి. మెరుపు లేని రంగు గోడ మీది గతుకుల్ని కప్పుతుంది గానీ తుడిస్తే మరకపడుతుంది. కొబ్బరినూనె తలలు గోడకి ఆనే మన ఇళ్ళకి కాస్త మెరుపున్నదే నయం. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మీ ఇల్లు 1978కి ముందు కట్టినదైతే పాత రంగు గీకకముందు సీసం ఉందేమో పరీక్ష చేయించండి. ఇళ్ళ రంగుల్లో సీసం ఈ దేశంలో నిషేధమైంది ఆ యేడే. ఆ దుమ్ము పసిపిల్లలకి చాలా చేటు. బల్బు కూడా మార్చి పసుపు తక్కువున్నది పెట్టాం. అమ్మకి పుస్తకం చదవడానికీ అదే బాగుంది.

రంగు ఆరిన మూడో రోజు పొద్దున వంటింట్లోకి వచ్చి మేకు, సుత్తి అడిగింది. మేము కొడతామంటే వినలేదు. మంచానికి ఎదురుగోడకి నాన్నగారి పటం తగిలించుకుంది. కాస్త వంకరగా ఉంది. సరిచెయ్యబోతే "ఉండనీ" అంది.

మార్చిలో వెళ్ళి ఎడమకన్ను చేయించుకుంటానంటోంది. ఆ తర్వాత ఆ గోడ రెండు కళ్ళకీ ఒకే నీలంగా కనిపించాలి, అది మరీ నీలమనిపిస్తుందేమో చెప్పలేం. ఇంకో మెట్టు లేతగా కలపాల్సి వస్తే పనికొస్తుందని అరగాలను మిగిల్చాం. మూత మీద కలిపిన చుక్కల లెక్క, తేదీ, "అమ్మ గది" అని రాసి పెట్టాం. గరాజులో మాత్రం పెట్టలేదు, ఇక్కడి చలికి గడ్డకడితే ఈ రంగు విరిగిపోయి మళ్ళీ కలవదు. బేస్‌మెంటులో, ఊరగాయ జాడీల పక్కన ఉంది.