అలియాబాద్ చౌరస్తాలో ఒక ట్రాక్టర్ లెక్క

జేబీఎస్‌లో సిద్దిపేట బస్సెక్కి కిటికీ పక్క సీటు పట్టుకున్నా. అల్వాల్, హకీంపేట, తూంకుంట... ఎంత దూరం పోయినా సిటీ అయిపోయినట్టే అనిపించదు. ఔటర్ రింగ్ రోడ్డు, శామీర్‌పేట చెరువు వెనకబడ్డాక గాలి కాస్త మారుతుంది. అక్కణ్నుంచి కొద్ది దూరంలోనే అలియాబాద్ చౌరస్తా.

దిగి రెండు నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. రాజీవ్ రహదారి మీద జీనోమ్ వ్యాలీ కంపెనీల బస్సులు, క్యాబులు. వాటి మధ్యలో నుంచి నీళ్లు చిమ్ముకుంటూ ఓ ట్రాక్టర్ ట్యాంకర్. దాని వెనక ఇటుకల ట్రాలీ. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల ప్లాట్ల హద్దురాళ్లు. 2025లో అలియాబాద్ మున్సిపాలిటీ కూడా అయిపోయింది. కానీ లోపలికి ఓ కిలోమీటరు నడిస్తే ఇంకా వరి మడులున్నాయి, కూరగాయల చేలున్నాయి. ఊరు సగం పొలంలో ఉంది, సగం సిటీలో ఉంది. ట్రాక్టర్లదీ అదే బతుకు.

నేను వచ్చింది మామయ్య ట్రాక్టర్ పంచాయితీ తీర్చడానికి. తీర్చడానికంటే, వినడానికి అనాలేమో.

"గది పొలంల దిగుతదా?"

మామయ్యది పాత డీజిల్ బండి. ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ, పొద్దున ఒక పట్టాన స్టార్ట్ కాదు.

"ఇంజిన్ ఇప్పాలె అంటున్నడు మెకానిక్. గా పైసలు దానికి పెట్టుడెందుకు, కొత్తది కొందామంటడు వీడు. కొత్తదంటే డీజిల్‌ది గాదంట అల్లుడా, కరెంటుదంట!" అన్నాడు మామయ్య.

బావ ఫోన్‌లో వీడియో చూపించాడు. "కరెంటుది కాకపోతే హైబ్రిడ్ బాపూ. రెండూ ఉంటయి."

"గది కేజ్‌వీల్స్ ఏసుకొని పొలంల దిగుతదా? గది జెప్పు ముందు."

వానలు పడేలోపు ఏదో ఒకటి తేలాలి. ఐదెకరాల్లో ఇప్పుడు మిగిలింది రెండే. ఇల్లు గడిచేది ట్రాక్టర్ కిరాయి మీదే. తప్పు బండి కొంటే ఈఎంఐ కట్టేది మామయ్య, వీడియోలో మాట్లాడినాయన కాదు.

బ్యాటరీలో ఎన్ని లీటర్లు?

ఎలక్ట్రిక్ ట్రాక్టర్ మనకు కొత్త మాటేం కాదు. హైదరాబాద్ స్టార్టప్ సెలెస్టియల్ ఈ-మొబిలిటీ 2020లోనే ఒకటి తయారుచేసి చూపించింది. 2022లో మురుగప్ప గ్రూపు అందులో మెజారిటీ వాటా కొనుక్కుంది. 2020 డిసెంబర్‌లో సోనాలికా టైగర్ ఎలక్ట్రిక్ వచ్చింది. అప్పటి ప్రారంభ ధర 5.99 లక్షలు, బ్యాటరీ 25.5 కిలోవాట్ అవర్లు.

ఈ అంకెను మామయ్య భాషలోకి మారిస్తే గానీ పని జరగదు. కాగితం మీద లెక్కేశాం. లీటరు డీజిల్లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. అందులో చాలావరకు వేడి, పొగ కింద పోయి, పనికొచ్చేది మూడు యూనిట్ల దాకా. అంటే ఆ బ్యాటరీ మొత్తం కలిపి ఏడెనిమిది లీటర్ల డీజిల్‌తో సమానం.

"రోటావేటర్ ఏస్తే గంటకు ఐదారు లీటర్లు తాగుతది నా బండి," అన్నాడు మామయ్య. అంటే గంటన్నర. తర్వాత బ్యాటరీ ఖాళీ. నాట్ల టైంలో రోజుకు పది గంటలు నడిచే బండికి ఇది సరిపోదు.

బావ మొహం వాడిపోయింది. కానీ లెక్కలో రెండో సగం ఉంది. చార్జింగ్‌లో పోయేది కలుపుకొని, యూనిట్ పది రూపాయలనుకున్నా ఆ బ్యాటరీ నిండడానికి మూడు వందలలోపే. అదే పని డీజిల్‌తో చేస్తే లీటరు 95 చొప్పున సుమారు ఏడు వందలు. పైగా చార్జింగ్ ఇంటి మీటరు మీదే పెట్టాలి. ఉచిత కరెంటు బోరు మోటారుకే గానీ ట్రాక్టర్‌కు కాదు.

మరి హైబ్రిడ్?

హైబ్రిడ్ కారు పెట్రోలు ఎక్కడ మిగులుస్తుందో తెలుసా? ట్రాఫిక్‌లో. బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత శక్తిని బ్యాటరీలోకి వెనక్కి తీసుకుంటుంది. పొలంలో బ్రేకెక్కడుంది? బురద ఆపుతుంది తప్ప మనం ఆపం. దున్నుతున్నంతసేపూ ఇంజిన్ మీద ఒకటే బరువు. కాబట్టి కారులో వచ్చే లాభం దుక్కిలో రాదు.

ట్యాంకర్ కథ వేరు. నీళ్లు నిండేదాకా ఆగాలి, గుంతల్లో మెల్లగా పోవాలి, అపార్ట్‌మెంట్ ముందు మళ్లీ ఆగాలి. ఇక్కడ డీజిల్ ఇంజిన్ ఊరికే తిరుగుతూ తాగుతుంటుంది. ఇది బ్యాటరీకి సరిగ్గా సరిపోయే పని. బరువు పనికి ఇంజిన్, తేలిక పనికి మోటారు ఉంటే, పొద్దున ట్యాంకర్, మధ్యాహ్నం దుక్కి చేసే మామయ్యలాంటోళ్లకే హైబ్రిడ్ కావాలి.

చిక్కల్లా ధర దగ్గరే. ఇంజిన్‌కు తోడు మోటారు, బ్యాటరీ, కంట్రోలర్... రెండు బళ్ల సామాను ఒకదాంట్లో. ప్రాక్సెక్టో అనే మన దేశపు సంస్థ 2019లో జర్మనీలోని అగ్రిటెక్నికా ప్రదర్శనలో హావ్ హైబ్రిడ్ ట్రాక్టర్‌ను చూపించింది. మన చౌరస్తాలో అలాంటిది ఒక్కటీ కనబడలేదు. పైగా 2025 సెప్టెంబర్‌లో ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గి, డీజిల్ బండే ఇంకాస్త చవకైంది.

మొదట ఎవరు కొనాలి?

సాయంత్రం చౌరస్తాలో చాయ్ తాగుతుంటే చెత్త ట్రాక్టర్ ఒకటి పోయింది. అప్పుడు తట్టింది. పల్లెప్రగతిలో రాష్ట్రంలోని 12,769 పంచాయతీలకూ ట్రాక్టర్ ఇవ్వాలని పెట్టుకున్నారు. చెత్త ఎత్తడం, మొక్కలకు నీళ్లు పోయడం వాటి పని. రోజూ అదే దారి, రాత్రికి అదే షెడ్డు. బ్యాటరీ బండికి ఇంతకంటే మంచి ఉద్యోగం ఉండదు. ముందు మున్సిపాలిటీలు, పంచాయతీలు కొంటే, వాటిని బాగుచేసే మెకానిక్ చౌరస్తాకొస్తాడు. పాత బండ్లు సెకండ్ హ్యాండ్‌కొస్తాయి. రైతుకు చవక అంటే షోరూం ధర ఒక్కటే కాదు. రేపు ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు, ఎల్లుండి అమ్మితే ఎంతొస్తుంది అన్నది కూడా.

మామయ్య గ్లాసు పక్కన పెట్టాడు. "అయితే ఈ వానకాలం ఇంజిన్ ఇప్పుడేనా?"

"అంతే మామా. కానీ ఒక పని చెయ్. ఏ పనికి ఎన్ని గంటలు, ఎంత డీజిల్, రోజూ రాసిపెట్టు. సగం కంటే ఎక్కువ ట్యాంకరే అని తేలితే, వచ్చే ఏడాది బావ మాట విందాం."

బావ ఏమీ అనలేదు. పక్క కొట్లోకి పోయి ఇరవై రూపాయల నోట్‌బుక్ కొనుక్కొచ్చాడు. బస్సు ఎక్కాక నా ఫోన్‌కు ఫొటో వచ్చింది. మామయ్య వంకర అక్షరాల్లో మొదటి పేజీ: "టాంకర్ 4 ట్రిప్పులు. డీజిల్ 6 లీటర్లు. దున్నుడు లేదు."