విస్మృత బలం

దక్షిణ సముద్రతీరంలో వానరవీరులు ఎవరి శక్తిని వారు చెప్పుకున్న ఘట్టం కిష్కింధాకాండలో ఉన్నది. గజుడు 10 యోజనాలు లంఘించగలనన్నాడు. ఒకప్పుడు త్రివిక్రమునికి ప్రదక్షిణం చేసిన జాంబవంతుడు వార్ధక్యం వల్ల 90కి మించలేనన్నాడు. అంగదుడు 100 దాటగలడు, కానీ తిరిగి రావడమే సందేహం. ఈ గణనలో ఒక్కరి పేరు లేదు. హనుమంతుడు ఒకవైపు ఏకాంతంగా, మౌనంగా కూర్చున్నాడు.

మానవునిలోని నిగూఢ సామర్థ్యాన్ని పాశ్చాత్య మనశ్శాస్త్రం విచారించినప్పుడు ఈ మౌనం వంటిదే దానికీ ఎదురైంది. 1943లో అవసరాల సోపానక్రమాన్ని ప్రతిపాదించిన అబ్రహాం మాస్లో, దాని శిఖరాన స్వసామర్థ్యం పూర్ణంగా వికసించే స్థితిని నిలిపాడు. (దీనిని ఆత్మసాక్షాత్కారం అనడం కద్దు. వేదాంత పరిభాష ఎరిగినవారికి ఆ మాట ఇక్కడ అతకదు.) అయితే ఎక్కువమంది అక్కడికి ఎందుకు చేరరు? మనిషి తన అల్పత్వానికే కాదు, తన ఔన్నత్యానికీ జంకుతాడని మాస్లో గ్రహించాడు. దైవాజ్ఞను తప్పించుకోవడానికి ఓడ ఎక్కి పారిపోయిన బైబిలు ప్రవక్త యోనా పేరే ఆ భయానికి పెట్టాడు.

హనుమంతునిది భయం కాదు, విస్మృతి. బాల్యచాపల్యంతో ఆశ్రమాలలో స్రుక్కులు విరిచి, వల్కలాలు చింపినందుకు ఋషులు శపించారని ఉత్తరకాండ చెబుతున్నది. వివేకం పండని చేతిలో అంత బలం ఉండరాదని వారి భావం కాబోలు. ఆ మరపుకు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. వాలి భయంతో సుగ్రీవుడు అడవులు పట్టి తిరుగుతున్నా, పక్కనే ఉన్న హనుమంతునికి తన శక్తి తెలియలేదు. శాపంలోనే విమోచనమూ ఉన్నది: ఎవరైనా గుర్తుచేస్తే ఆ బలం వృద్ధి పొందుతుంది.

2004లో పీటర్సన్, సెలిగ్‌మన్ 24 సద్గుణబలాలను వర్గీకరించారు. ఎవరికి వారే ప్రశ్నావళికి సమాధానాలిచ్చి తమ బలాలను తెలుసుకొనే పద్ధతి దాని వెంటే ప్రచారంలోకి వచ్చింది. అది ఉపయోగకరమే. కానీ ఆనాడు ఆ తీరంలో హనుమంతుని చేతికి అదే పత్రం ఇచ్చి ఉంటే ఆయన ఏమి పూరించేవాడు? తనకే తెలియనిది తన సమాధానంలోకి ఎలా వస్తుంది?

అక్కడ పనిచేసింది జాంబవంతుని స్మృతి. ఆయన ఊరక పొగడలేదు. అంజనాదేవిని, వాయుదేవుని వరాన్ని, సూర్యుని పండుగా తలచి ఎగిరిన శైశవాన్ని చెప్పాడు. ఇంద్రుని వజ్రాయుధపు దెబ్బకు పర్వతంపై పడి ఎడమ హనువు విరిగిన సంగతి కూడా దాచలేదు. ఆ పిమ్మట విషాదంలో మునిగిన వానరసేనను చూపించాడు. పతనం లేని చరిత్రను చెప్పి ఉంటే అది స్తోత్రం మాత్రమే అయ్యేది. నేడు యువకులను సభలో కూర్చోబెట్టి "నీవే హనుమంతుడవు" అని ఉత్సాహపరచేవారు ఈ సగాన్ని విడిచిపెడుతున్నారు. మానవుల సమష్టి అచేతనంలో మూలరూపాలు ఉన్నాయని చెప్పిన కార్ల్ యూంగ్ సైతం, ఆ రూపమే తాననుకొన్నవాని అహంకారం ఉబ్బిపోతుందని హెచ్చరించాడు. జాంబవంతుడు హనుమంతునికి హనుమంతుణ్ణే గుర్తుచేశాడు, వెంటనే ఒక కార్యాన్ని అప్పగించాడు.

హనుమంతుడు పెరిగాడు, మహేంద్రగిరి ఎక్కాడు. నీవు తిరిగి వచ్చేదాకా మేము ఒంటికాలిపై నిలిచి ఉంటామని ఆ వృద్ధుడు మాట ఇచ్చి, తీరంలోనే ఉండిపోయాడు.