అటక మీది విల్లు

పోయిన రంజాన్ ఈద్‌కి మా పెద్దమ్మాయి హైదరాబాద్ నుంచి ఆదోనికి వస్తూ బట్టల బ్యాగు కంటే బరువైన ఇంకో బ్యాగు మోసుకొచ్చింది. విప్పితే అందులో దారపు కండెలు, అట్టలకు చుట్టిన రంగు నూళ్లు, అరచేయంత నేత ముక్కలు, అల్లిక ముక్కలు. ఇరవై దాకా ఉన్నాయి. ఒక్కటీ పూర్తి బట్ట కాదు.

"ఇవి దేనికి కుట్టుకుంటారే?" అని మా అమ్మీ అడిగింది.

"కుట్టుకునేవి కావు దాదీ. శాంపిళ్లు. అన్నీ ఫెయిలే" అంది.

మా అమ్మాయి టెక్స్‌టైల్ డిజైన్ మూడో సంవత్సరం. ఇంజనీరింగ్ కాదు, మెడిసిన్ కాదు, ఇదేం చదువు అని ఖాందాన్‌లో అందరూ అడిగినవాళ్లే. నాకూ సరిగ్గా తెలియదు. ఈ సెమిస్టర్‌లో వాళ్లకిచ్చిన పని ఇది: ఏదో ఒక విషయం ఎంచుకోవాలి. దాన్ని ఫోటోలు తియ్యాలి, బొమ్మలు గియ్యాలి, కాగితాలు చింపి అతికించాలి. అందులోంచి రంగులు ఏరాలి. ఏ రంగు ఎంత పాళ్లలో ఉండాలో చూసుకోవడానికి అట్టముక్కకు నూలు చుట్టాలి. ఆ తర్వాత మగ్గం మీద కొన్ని, అల్లిక మిషన్ మీద కొన్ని శాంపిళ్లు చేయాలి. చివర్లో ఎగ్జిబిషన్. బయటివాళ్లు కూడా వచ్చి చూస్తారు.

విషయం ఏం తీసుకోవాలని మొదట నన్నే అడిగింది. నేను పత్రికలో పనిచేసేవాడిని కదా, సలహా ఇవ్వడం అలవాటు. "పాయిగా సమాధులు తీసుకో బేటీ. సంతోష్‌నగర్‌లో ఉన్నాయి. ఆ గచ్చు జాలీలు చూస్తే కళ్లు తిప్పుకోలేవు. లేకపోతే మష్రూ తీసుకో. పైకి పట్టు, ఒంటికి తగిలేవైపు నూలు. పట్టు మగవాళ్లకు మనా కదా, అందుకని తీసిన ఉపాయం. ఆ పేరుకే జాయిజ్ అని అర్థం. ఎంత తహజీబ్ ఉంది మనకు!" అన్నాను.

పాపం, నా మాట విని నాలుగు ఆదివారాలు పాయిగా సమాధుల దగ్గరే గడిపింది. జాలీలోని చుక్కల నక్షాను గళ్ల కాగితం మీద ఎక్కించి మగ్గం మీద వేసింది. కాలేజీలో ఉన్నది ఎనిమిది పలకల చిన్న మగ్గం. అంత పెద్ద నక్షా దాని మీద రాదు, జకార్డ్ కావాలి. నక్షత్రం కాస్తా మెట్లు మెట్లుగా విరిగిపోయింది. అల్లిక మిషన్ మీద కన్నాలు వేసింది. జాలీలాగే వచ్చింది, కానీ ఉత్త జాలీలాగే. టీచరమ్మ చూసి, "ఫోటోలోనే బాగుంది కదా, నీ దారం కొత్తగా ఏం చెప్పింది?" అని అడిగిందట.

అదీ ఆ బ్యాగులోని ఇరవై ఫెయిళ్ల కథ.

* * *

ఈద్ మర్నాడు అమ్మీ పాత రజాయి ఎండకు వేద్దామని అటక మీంచి దించమంది. అమ్మాయి ఎక్కింది. రజాయితో పాటు ఇంకోటి దించింది. మనిషంత పొడుగు కొయ్య, ఒక చివర వెడల్పాటి బద్ద, తెగి వేలాడుతున్న నరం. పక్కనే రెండు వైపులా ఉబ్బి నడుమ సన్నగా ఉన్న కొయ్య గుండు.

"అబ్బా, ఇదేంటి?"

నేను ఖామోష్. అమ్మీ అంది: "మీ జేజబ్బది. దూది ఏకే విల్లు."

చదివేవాళ్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇన్నేళ్లుగా ఈ బ్లాగు రాస్తున్నాను, ఇది ఎప్పుడూ రాయలేదు. మేం దూదేకులవాళ్లం. సర్కారు లిస్టులో బి.సి.-బి కింద దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని వరసగా ఉంటుంది. ఆ నాలుగు పేర్లూ మావే. మా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. రాయలసీమ తెలుగులో అబ్బ అంటే తాత, అవ్వ అంటే నానమ్మ. నేను ఐదేళ్లదాకా నాన్నను 'నాయనా' అనే పిలిచాను. నన్ను ఉర్దూ మీడియం స్కూల్లో వేసిన రోజునుంచి 'అబ్బా' అనమన్నాడు. అమ్మ 'అమ్మీ' అయింది. అప్పటిదాకా 'అబ్బ' అంటే తాత. ఆ పిలుపు నాన్నకు వెళ్లిపోయాక తాతకు పిలుపే లేకుండా పోయింది. ఆయన్ని 'దాదా' అనడం నా నోటికి రాలేదు. ఆయన పలకడమూ రాలేదు.

మా నాన్న జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. ఆదోని అంటే పత్తి, పత్తి అంటే ఆదోని. కానీ పత్తి లెక్కలు రాయడం వేరు, పత్తి ఏకడం వేరు అనుకునేవాడు. కొడుకు నోట మంచి ఉర్దూ పలికితే ఖాందాన్ మీది మచ్చ పోతుందనుకున్నాడు. పోలేదు. స్కూల్లో నా షీన్ ఖాఫ్ దురుస్త్ కాదని నవ్వేవాళ్లు. నేను క్లాసులోకి రాగానే వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు 'టుయ్... టుయ్...' అనేవాడు. విల్లు నారి చప్పుడది. తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా అనే సామెత నాకు చెప్పినవాడు ఒక హిందూ దోస్తు. అర్థం తెలియక ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. ఆ వారంలోనే విల్లు అటకెక్కింది.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. అక్కడ "సాయిబుకు ఇంత తెలుగా!" అని ఆశ్చర్యం. ఉర్దూవాళ్లకు చాలని ముస్లింని, తెలుగువాళ్లకు చాలని తెలుగువాణ్ణి. పత్రికలో చేరాక పేరు ముందు షేక్ ఒక్కటే ఉంచుకున్నాను. ఇంటి పేరు రాయలేదు. ఎవరూ అడగలేదు.

* * *

అమ్మాయి ఆ విల్లును పెరట్లోకి తీసుకెళ్లి రోజంతా ఫోటోలు తీసింది. నారి తెగిన చోటు, గుండు తగిలి తగిలి అరిగిన చోటు, చెయ్యి పట్టి పట్టి నున్నబడిన చోటు. దాదీని కూర్చోబెట్టి అడిగింది. అమ్మీ డెబ్భై ఏళ్ల మనిషి, నడుం వంగినా విల్లు ఎలా పట్టాలో చేత్తో చూపించింది. బరువు తెలియకుండా విల్లును పైనుంచి వేలాడదీస్తారు. నారిని దూదిలో ఆనించి గుండుతో కొడతారు. నారి అదురుకు ముద్ద విడిపోయి పోగు పోగు పైకి లేస్తుంది. దుమ్ము, నలక కిందికి రాలుతాయి. పెళ్లిళ్ల కాలంలో పరుపులు, చలికాలం ముందు రజాయిలు. మా తాత ఊరూరా తిరిగేవాడట. వీధి మొదట్లో నిలబడి నారి మోగిస్తే చాలు, ఇళ్లలోంచి పిలిచేవాళ్లట. ఆ తర్వాత కరెంటు మిషన్లు వచ్చాయి. ఫోము పరుపులు వచ్చాయి.

"సాయంత్రానికి మీ జేజబ్బ కనురెప్పలు తెల్లగా అయ్యేవి. దగ్గుతో పొయినాడు" అంది అమ్మీ.

అమ్మాయి అది కూడా రాసుకుంది.

వారం తర్వాత హైదరాబాద్ నుంచి ఫోన్. "అబ్బా, టాపిక్ మార్చాను. టీచర్ ఒప్పుకుంది. పేరు 'దూదేకుల'."

నా గుండెలో ఏదో జారింది. అప్పటికి రెండు నెలలుగా హైదరాబాద్‌లోని ఒక ఇంటినుంచి దానికి రిష్తా నడుస్తోంది. డిగ్రీ అయ్యాకే అని చెప్పాం, వాళ్లూ సరేనన్నారు. మంచివాళ్లే. మొదటి రోజే అడిగారు, "ఆప్ లోగ్ షేఖ్ హైఁ యా పఠాన్?" అని. షేఖ్ అన్నాను. పేరు ముందు ఉన్నదే కదా. అబద్ధం చెప్పలేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

"బేటీ, 'పత్తి కళ' అని పెట్టుకోరాదా? బయటివాళ్లు కూడా వస్తారు కదా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "సీటుకు బి.సి. సర్టిఫికెట్ పెట్టాం కదా అబ్బా. అందులో రాసిన మాటే ఇది. ఫీజు కోసం రాస్తే ఫర్వాలేదు, పని కోసం రాస్తే షరమా?"

జవాబు దొరకలేదు. ఫోన్ పెట్టేశాను. పదిహేను రోజులు పొడి పొడిగా మాట్లాడుకున్నాం. బాగున్నావా, తిన్నావా, డబ్బులున్నాయా, అంతే.

* * *

ఆ పదిహేను రోజుల్లో ఏం చేసిందో తర్వాత వాళ్లమ్మ ద్వారా తెలిసింది. ఈసారి విల్లు బొమ్మను బట్ట మీద దించలేదు. నారి అదిరితే గాల్లో కనబడే గీతల్ని బొగ్గుతో వందసార్లు గీసింది. ఆ గీతల లెక్కలో పడుగులో సన్న నూలు, పేకలో వడకని దూది ఏకు వేసింది. ఏకు మీద ఒత్తు ఎక్కువైతే తెగిపోయింది, తక్కువైతే జారిపోయింది. అల్లిక మిషన్‌లో నేరుగా ఏకునే పెడితే సూదులు వంగిపోయాయి. ఆరు సూదులకు జుర్మానా కట్టింది. చివరికి ఏకును సూదుల మీద చేత్తో పరిచి, సన్న దారంతో దాన్ని పట్టి ఉంచేలా అల్లితే నిలిచింది. ఉన్నిలాగా వేణ్ణీళ్లలో నలిపితే గట్టిపడుతుందేమోనని ఇంకో ముక్క ఉడికించింది. ఉన్ని పోగుకు పొలుసులుంటాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. దూదికి ఉండవు. అది ఉండలు కట్టి ఊరుకుంది.

అన్నిటికన్నా మంచిది ఒక రెండు పొరల నేత. ఒకే మగ్గం మీద కింద ఒక బట్ట, పైన ఒక బట్ట ఒకేసారి నేస్తారు. అక్కడక్కడ పొరలు తారుమారు చేస్తే జేబులు ఏర్పడతాయి. జేబు మూసుకునే ముందు అందులో దూది కూరి, తర్వాతి పేక వేస్తారు. రజాయిని కుట్టకుండానే నేసెయ్యడం అన్నమాట. మొదటి మూడూ వంకర పోయాయి. దూది ఎక్కువై జేబు ఉబ్బి, పైవరస పేక సరిగ్గా కూర్చోలేదు. నాలుగోది కుదిరింది.

ఎగ్జిబిషన్‌కు మూడు రోజుల ముందు తనే ఫోన్ చేసింది. "అబ్బా, గోడ మీద తెలుగులో ఒక పేరా కావాలి. మీ దస్తూరీతో. రాయకపోతే ఇంగ్లీష్ ఒక్కటే పెడతాను."

కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వేల వార్తలు రాసిన చెయ్యి ఇది. మన్సూర్ అల్ హల్లాజ్ గుర్తొచ్చాడు. హల్లాజ్ అంటే అరబ్బీలో దూది ఏకేవాడు. ఆ పేరు వెయ్యేళ్లుగా దునియా అంతా అదబ్‌తో పలుకుతోంది. మన బుర్రకథ నాజర్ గుర్తొచ్చాడు. పద్మశ్రీ అందుకున్న ఆ మనిషి జీవితకథ పుస్తకం పేరు 'పింజారి'. మన సినిమాల్లో తిట్టుగా వాడే మాటది. ఆయన దాన్ని అట్ట మీద వేసుకున్నాడు. నేను మాత్రం నా తాత పేషా పేరు రాయడానికి ఒక రాత్రంతా తీసుకున్నాను.

రాశాను. ఐదు వాక్యాలు. మొదటి వాక్యం: "మేము దూదేకులవాళ్లం."

* * *

అమ్మీని వెంటబెట్టుకుని వెళ్లాను. గోడ మీద విల్లు, దాని కింద బల్ల మీద శాంపిళ్లు. పాయిగా జాలీ ముక్కలు కూడా ఒక మూల పెట్టింది. "ఇవి ఎందుకు?" అంటే, "ఇక్కణ్ణుంచే కదా వచ్చాను" అంది. అమ్మీ రజాయి నేతను రెండు వేళ్లమధ్య నొక్కి చూసింది. మేమంతా ఏదో దువా ఇస్తుందని చూస్తున్నాం.

"ఏకడం సాల్లేదే. లోపల నలక ఉంది. మీ జేజబ్బ చూసుంటే ఒప్పుకోడు" అంది.

టీచరమ్మతో సహా అందరూ నవ్వారు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. నోట్‌బుక్ తీసి రాసుకుంది.

రిష్తావాళ్లు కూడా వచ్చారు. నేనే పిలిచాను. ఆ పెద్దాయన గోడ దగ్గర చాలాసేపు నిలబడి నా దస్తూరీ చదివాడు. తెలుగు బాగానే వచ్చు ఆయనకు. వెళ్తూ సలామ్ చెప్పాడు, ఇంకేమీ అనలేదు. ఇది రాసే రోజుకు ఫోన్ రాలేదు. రాకపోతే పోనీ అని దిలేర్‌గా అనలేను, ఆడపిల్ల తండ్రిని. కానీ ఈసారి ఎవరైనా మీరు షేఖులా, పఠాన్లా అని అడిగితే చెప్పాల్సిన జవాబు గోడ మీద రాసేశాను. వెనక్కి తీసుకోవడం కుదరదు.

విల్లు ఇప్పుడు ఆదోనిలో మా హాల్లో ఉంది. కొత్త నారి కట్టించాలని అమ్మాయి అంటోంది. కట్టేవాళ్లు ఎవరైనా మిగిలారా అని నేను వెతుకుతున్నాను. మీ ఊళ్లో, మీ ఖాందాన్‌లో ఎవరికైనా ఆ హునర్ తెలిసుంటే చెప్పండి. బస్సెక్కి వస్తాను.