అప్పున కిద్దరము

మణికొండలో నొక ఫ్లాటు కొనదలచి మే మొక బ్యాంకి కేగితిమి. మా జీతపుచీటీలను, మా గృహిణి జీతపుచీటీలను చూచి, వారు నాలుగు దినములలో సూత్రప్రాయమైన అంగీకారపత్ర మిచ్చిరి. దానిని జేబులో నుంచుకొని, ఇల్లు మనదే యైన ట్లానందించి, విక్రేతకు బయానా యిచ్చి, 45 దినముల గడువుతో అగ్రిమెంటు వ్రాయించుకొంటిమి. గడువు దాటిన బయానా దక్కదు.

ఆ పత్రము మమ్ము గూర్చినదే కాని యింటిని గూర్చినది కాదని పిమ్మట దెలిసెను. అప్పు తీర్చగలవాడా యని మనుష్యుని జూచుట యొకటి. వాడు కొను నేల యెవరిదని విచారించుట మఱియొకటి. మణికొండలో నీ రెండవది చిన్న పని కాదు. ఇక్కడి 1,654 ఎకరములు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా వక్ఫు ఆస్తియా, ప్రభుత్వ భూమియా యను వ్యాజ్యము సుప్రీముకోర్టు దాక పోయి, ప్రభుత్వమునదే యని 2022 ఫిబ్రవరిలో తీర్పు వచ్చినది. మా స్థలము దానిలోనిది కాదు. అయినను బ్యాంకి వకీలు ముప్పది యేండ్ల లింకు డాక్యుమెంట్లను, ఈసీని అడిగెను. ఒకదానిలోని సర్వే నంబరు వేరొకదానితో సరిపడనందున పండ్రెండు దినములు గడచినవి. అప్పు డాతనిని తిట్టుకొంటిమి. ఇప్పుడు తిట్టుట లేదు. మా యింటి విషయమున మాకంటె నెక్కువ శ్రద్ధ వహించినవా డాతడే.

పిదప విలువ కట్టువాడు వచ్చి, ఒప్పుకొన్న ధరకంటె రెండు లక్షలు తగ్గించెను. అప్పు 30 లక్షలు దాటి 75 లక్షల లోపున నున్నచో, విలువలో నూటికి 80 మించి యీయరాదని రిజర్వు బ్యాంకి నియమము. ఆ లోటును చీటీపాట సొమ్ముతో పూడ్చితిమి.

తుది మంజూరు కాగితములు వచ్చిననాటి సాయంకాలము మా గృహిణి ప్రతి పుటయు చదువసాగెను. సంతకముల చోట పెన్సిలు గుర్తు లుండగా ఆ చదువెందుకని మేము విసుగుకొంటిమి. ఆమె తల యెత్తి, "ఏమండీ, అప్పు తీర్చవలసినది మన మిద్దరము. ఇంటి పత్రములో మీ పే రొక్కటే యున్నదేమి?" అని యడిగెను.

కపటముతో జేసినది కాదు. పత్రలేఖకుడు "పేరు?" అనగా మా పేరు చెప్పితిమి, అట్లు నోట వచ్చుటయే తప్పు. యజమాను లందఱును అప్పులో చేరవలె నని బ్యాంకి యనును గాని, అప్పులో చేరినవా రందఱును యజమానులు కావలె నని యనదు. ఆమె జీతము కలిసినందుననే మా కంత యప్పు పుట్టినది! స్త్రీకి పూర్ణస్వామ్య మొసగిన 1956 నాటి హిందూ వారసత్వ చట్టమును గూర్చి, వీరేశలింగము పంతులుగారిని గూర్చి తరగతిలో గంటల కొలది చెప్పువారము మేము.

గడువునకు తొమ్మిది దినములే యున్నవి. "తరువాత దానపత్రము వ్రాసి యిచ్చెదను" అంటిమి.

"దానము నా కక్కఱలేదు. నా వాటా నేను కొనుచున్నాను" అనెను.

బదులు తోచలేదు. విక్రేత కోపించి, మఱి పదివేలు పుచ్చుకొని, వారము గడు విచ్చెను. అగ్రిమెంటును, బ్యాంకి కాగితములును తిరిగి వ్రాయించితిమి.

రిజిస్ట్రారాఫీసులో ఇద్దఱి వ్రేలిముద్రలు పడి, దస్తావేజు నంబరు వచ్చిన పిమ్మటగాని బ్యాంకి యుద్యోగి తన సంచిలోని చెక్కును విక్రేత కీయలేదు. అసలు పత్రము బ్యాంకికే పోయినది. అప్పు తీరిన 30 దినములలో దానిని తిరిగి యీయవలెననియు, తమ వలన నాలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లింపవలెననియు 2023లో రిజర్వు బ్యాంకి శాసించినది. మా కింకను పదునెనిమిదేండ్లున్నవి.

ఆటోలో మా గృహిణి పత్రము నకలును ఒడిలో నుంచుకొని, తన పేరున్న పంక్తిని రెండుమార్లు చదివి, అక్షరములు సరిగనే యున్నవని చెప్పి, తాళపుచెవి యెవరియొద్ద నున్నదని యడిగెను.