కాగిన బండిలో కాళేశ్వరయాత్ర

మోటారుబండి సంగతి మగవారిదనియు, మనకు దాని తలుపు తీయుట, వేయుట తెలిసిన చాలుననియు మనలో పెక్కుమంది యెంచుచుందురు. మొన్నటి ఫాల్గుణమాసము వఱకు నేనును అట్లే యెంచితిని. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మీదుగా మేము చేసిన కాళేశ్వరయాత్ర నా యభిప్రాయమును మార్చినది. నిప్పు, నీరు, గాలి, పాత్ర — ఈ నాలుగింటి పొందికను దినదినము చూచుకొను గృహిణికి, కాగిన యంత్రమున లోపమెచ్చటనున్నదో తెలిసికొనుట అసాధ్యము కాదు. ఆ సంగతియే సోదరీమణులకు విన్నవింపదలచితిని.

మా మామగారు స్వర్గస్థులై యేడాది కావచ్చెను. గోదావరీ ప్రాణహితలు కలియు కాళేశ్వరమున సంవత్సరీకము జరుపవలెనని అత్తగారి కోరిక. ఒకే పానవట్టముపై కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు అను రెండు లింగములు వెలసిన ఆ క్షేత్రము పితృకార్యములకు ప్రసిద్ధము. మామగారు ముప్పదియేండ్లు స్వయముగా నడిపి, కంటికి ఱెప్పవలె కాపాడుకొనిన పాతకారులోనే పోవలెనని ఆమె పట్టుబట్టిరి. “ఆయన పనికి ఆయన బండిలనే పోవాలె” అనిరి. తిథి మరునాటి యుదయమే, ఆలస్యమునకు తావులేదు. తెల్లవాఱకమునుపే హైదరాబాదునుండి బయలుదేరితిమి. మావారు బండి నడుపుచుండ, నేను ప్రక్కను, అత్తగారు వెనుకను గూర్చుంటిమి.

జనగామకు కొంత ఇవతలనే పెంబర్తి గ్రామము. ఇత్తడిరేకును సుత్తితో కొట్టి, ఉలితో తీర్చి దేవాలయములకు తొడుగులు, కలశములు, వాహనములు చేయు విశ్వకర్మలకు ఈ యూరు పేరెన్నికగన్నది. ఇచ్చటి లోహపుపనికి భౌగోళిక సూచిక గుర్తింపును గలదు. గోదావరిజలము తెచ్చుకొనుటకై అత్తగారొక చిన్న ఇత్తడిచెంబు కొనిరి. అమ్మిన పనివాడు మా బండి ముందుభాగము చూచి, “దీని కడుపుల గూడ ఇత్తడి, రాగే ఉన్నయమ్మా” అని నవ్వెను. అతడు చెప్పినది నిజము. నేటి కార్లలో రేడియేటరు అల్యూమినియముతో చేయుదురు గాని, పాతబండ్లలో రాగి, ఇత్తడి రేకులను టంకముపెట్టి అతికించి చేసెడివారు.

దాని పని కష్టమైన విషయము గాదు. యంత్రములో నిత్యము మండు మంటవేడిని చుట్టునున్న నీరు గ్రహించును. ఒక పంపు ఆ నీటిని రేడియేటరునకు తోలును. అచ్చట సన్నని గొట్టములగుండ దిగుచు నీరు గాలికి చల్లాఱి మరల యంత్రమును చేరును. వేడిపాలను వెడల్పు పళ్ళెములో పోసి విసనకఱ్ఱతో విసరుటవంటిదే యిది. నడుమ థర్మోస్టాటు అను చిన్నతలుపొకటి యుండును. నీరు సుమారు 80 డిగ్రీల వేడి దాటు వఱకు అది దారి మూసియుంచి, పిదప తెఱచును.

జనగామ బజారులో లారీల నడుమ, బస్సుల నడుమ మా బండి నత్తనడక నడవవలసి వచ్చెను. వేడి తెలుపు ముల్లు మెల్లగా పైకెక్కసాగెను. ప్రక్కన ఆపి ఒక మేస్త్రికి చూపితిమి. అతడు యంత్రముముందున్న ఫ్యానుబెల్టును బొటనవ్రేలితో నొక్కెను. అర అంగుళము మాత్రమే లొంగవలసిన బెల్టు అంతకు రెండింతలు లొంగెను. ఆ బెల్టే ఫ్యానును, నీటిపంపును త్రిప్పును. కవ్వపుత్రాడు వదులైనచో త్రాడు జాఱునేగాని కవ్వము తిరుగదు గదా! రహదారిమీద బండి పరుగెత్తునపుడు ఎదురుగాలియే విసరును. బజారులో నిలిచినపుడు ఫ్యానే దిక్కు. కావుననే నిలిచినచోట కాగినది. మేస్త్రి బెల్టు బిగించెను, ముల్లు దిగెను. రోగము కుదిరినదని సంతసించి ముందునకు సాగితిమి.

జనగామ ప్రాంతము మెట్టభూమి. దేవాదుల ఎత్తిపోతలు గోదావరి నీటిని దూరమునుండి గొట్టములలో నెత్తి ఈ చెఱువులకు చేర్చకముందు, ఇచ్చటి రైతునకు వానయు బోరుబావియే దిక్కు. పాల్కురికి సోమనాథుని తలపించు పాలకుర్తిని, ఆ దాపునున్న పోతన బమ్మెరను తలచుకొని అత్తగారు చేతులు జోడించిరి. తొర్రూరు దాటుసరికి ఎండ ముదిరెను. కల్లములలో ఆరబోసిన మిరపపండ్లు నేలకు ఎఱ్ఱని తివాసి పఱచినట్లుండెను.

అచ్చట ముల్లు మరల లేచెను. ఈసారి బజారు లేదు. బాట విశాలముగా నున్నది. గాలి ధారాళముగా వీచుచున్నది. మావారు వేగము తగ్గించినచో ముల్లు కొంత దిగును, పెంచినచో ఎక్కును. “బెల్టు బిగించితిమి గదా” అని వారు పరుగు తగ్గింపరైరి. కొంతసేపటికి ముల్లు తటాలున క్రిందికి పడిపోయెను. మావారి మొగము వికసించెను. నూఱు గజములు పోకమునుపే మూతక్రిందనుండి బుస్సుమని ఆవిరి వెలువడెను.

ఆ ముల్లు మమ్మేల మోసగించినదో పిదప తెలిసినది. వేడిని కనుగొను సాధనము నీటిలో మునిగియున్నంతవఱకే నిజము చెప్పును. నీరు పోయి అది గాలిలో నిలిచినచో ముల్లు పడిపోవచ్చును. జ్వరపీడితుని ఒడలు హఠాత్తుగా చల్లబడుట ఎల్లప్పుడును మేలుగుఱుతు కాదని మనమెఱుగమా?

మావారు దిగి, చేతిగుడ్డతో రేడియేటరు మూత తీయబోయిరి. నా గుండె ఝల్లుమన్నది. “కుక్కరు మూత ఆవిరి పోకముందే తీయుదురా?” అని వారి చేయి పట్టుకొంటిని. రేడియేటరు మూత నిజముగా కుక్కరు మూతవంటిదే. లోపల ఒత్తిడిని నిలిపి, నీరు మఱుగు మట్టమును పెంచుట దాని పని. చదరపంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి నిలుపు పాతకాలపు మూతక్రింద నీరు 100 డిగ్రీలకుగాక సుమారు 111 డిగ్రీలకు మఱుగును. అట్టి స్థితిలో మూత వదలినచో మఱుగునీరు ఆవిరితో కలిసి మొగమున చిమ్మును. చూపు పోవుటకు అంతకన్న నేమి కావలెను? ప్రక్క చేనిలో మిరపపండ్లు ఏఱుచున్న యొక తల్లి కడవతో నీరు తెచ్చి, యంత్రముపై కుమ్మరింపబోయెను. ఆమె దయకు నమస్కరించి, ఆ పని వలదంటిమి. కాలిన పెనముపై చన్నీళ్ళు పోసినచో వంగునట్లే, కాగిన యంత్రముపై పోసినచో లోహము పగులవచ్చును.

వేపచెట్టు నీడను గంటసేపు కూర్చుంటిమి. బండి చేతికి చల్లగా తగిలిన పిదప, మందపు దుప్పటి మడతవేసి మూతపై కప్పి, మెల్లగా త్రిప్పి తీసితిమి. ఆ తల్లి యిచ్చిన నీరు పోసి, నడుమ నడుమ ఆపుకొనుచు మహబూబాబాదు చేరుసరికి పగలు రెండుగంటలయ్యెను.

ఈ పట్టణమును జనులు నేటికిని మానుకోట యనియే పిలుతురు. కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గముననున్నది. అచ్చటి యొక ముసలి మేస్త్రి బండిచెంతకు వచ్చి, పనిముట్టేదియు చేపట్టకయే, “అమ్మా, నిలబడ్డప్పుడు కాగుతున్నదా, ఉరికేటప్పుడు కాగుతున్నదా?” అని నన్నడిగెను. ముల్లును కనిపెట్టుచు కూర్చున్నది నేనే గనుక, జరిగినదంతయు వరుసగా చెప్పితిని. అతడు తల యూపెను. నిలిచినపుడు కాగినచో గాలికొఱత. పరుగున కాగినచో నీటి రాకపోకలలో కొఱత. మా బండికి రెండును గలవు. జనగామలో మొదటిది కుదిరినది. రెండవది దానిచాటున దాగియుండెను.

అతడు యంత్రము నడపించి, రేడియేటరు ముందర అరచేయి జరుపుచు చూచెను. పైభాగము వేడి, నడుమ, దిగువను కొన్నిచోట్ల చల్లదనము. అనగా నీరచ్చటికి పోవుటయే లేదు. యంత్రము చల్లాఱిన పిదప మూత తీసి లోపల చూపెను. మన కాగునీటి బిందె అడుగున పేరుకొను తెల్లని గారయే గొట్టముల నోళ్ళను పూడ్చివేసినది. ఎడతెగక నీటిబుడగలు పైకి వచ్చుచున్నవా యనియు, నూనె మజ్జిగవలె తెల్లబాఱినదా యనియు పరీక్షించెను. అవి లేవు. ఉన్నచో యంత్రపు పైకప్పు క్రిందనుండు గ్యాస్కెట్టు కాలినదని గుర్తు. అది పెద్ద ఖర్చు. “ఇంకొక్క పరుగైతే అదీ పోతుండె” అనెను.

గార యెట్లు పట్టినదని మేము వితర్కించుచుండ, అరుగుపై కూర్చున్న అత్తగారు, “బోరు నీళ్ళు పోసిన్రా బిడ్డా?” అనిరి. మామగారు మంచముపట్టిన నాలుగేండ్లనుండి మేము పెరటికుళాయి బోరునీరే పోయుచుంటిమి. “మీ మామ బోరు నీళ్ళు ముట్టనియ్యకపోతుండె. వాననీళ్ళో, బ్యాటరీ నీళ్ళో పోస్తుండె. గిన్నెకు గార పడుతలేదా? ఇదీ అంతే” అనిరి. ఇన్నాళ్ళు మాకేల చెప్పలేదని మావారడిగిరి. “నన్నెవరడిగిన్రు?” అనిరి అత్తగారు. మేమిద్దఱమును తల వంచుకొంటిమి.

నీరు పోసికొనుచు, పది మైళ్ళకొకసారి ఆపుకొనుచు పోవుదమని మావారి తొందర. రేడియేటరు విప్పి బాగుచేయుటకు సాయంకాలమగునని మేస్త్రి మాట. అడవిదారిలో రాత్రి బండి నిలిచినచో తిథియు తప్పును, వృద్ధురాలికి ఆపదయు కలుగును. తీర్పు అత్తగారే చెప్పిరి: “ఆయనైతే ఆపేటోడు. ఆపుండ్రి.”

మేస్త్రి టంకము కరగించి రేడియేటరు పైపెట్టె విడదీసి, సన్నని ఉక్కుబద్దలతో ఒక్కొక్క గొట్టమును పొడిచి గార రాల్చెను. మరల అతికి, నీటితో పరీక్షించెను. బోరునీటికి బదులు, శుద్ధజలమున కలిపిన కూలెంటు పోసెను. ఈ ద్రవము గార పట్టనీయదు, త్రుప్పు పట్టనీయదు. కాని తియ్యగానుండు విషము. పిల్లలకు, కుక్కలకు అందకుండ దాచవలెను. ఆ నిరీక్షణలో, సమీపమున బయ్యారము చెఱువును త్రవ్వించినది కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ యని అత్తగారికి చెప్పితిని. ఆమె వేయించిన శాసనము కాకతీయుల వంశక్రమమునకు ముఖ్యాధారము. “నీళ్ళ విలువ ఆడిదానికే ఎరుక” అని వారనిరి. ఆ చెఱువు చూడ మాకు వీలు చిక్కలేదు.

అయిదింటికి బయలుదేరి నర్సంపేట, ములుగు మీదుగా సాగితిమి. అస్తమయకాంతిలో మోదుగుపూలు అడవికి నిప్పంటుకొన్నట్లు వెలుగుచుండెను. ముల్లు నడుమనే నిలిచెను. కోటగుళ్ళకు నెలవైన గణపురము దాటి చెల్పూరు చేరుసరికి చీకటి పడినది. అచ్చటి కాకతీయ తాపవిద్యుత్కేంద్రమున దీపముల వెలుగులో ఆవిరి మబ్బువలె లేచుచుండెను. అత్తగారు చూచి, “అది గూడ కాగిందా బిడ్డా?” అని యడిగిరి. అందఱము నవ్వితిమి. కాని ప్రశ్న తెలివైనదే. బొగ్గు మండించి 1100 మెగావాట్ల శక్తి గల ఆ కేంద్రమునకును, మా బండికిని ధర్మమొకటే: ఎంత నిప్పు పెట్టుదుమో అంత వేడిని నీటిచేత, గాలిచేత పోగొట్టవలెను. సింగరేణి గనుల యూరైన భూపాలపల్లిలో రాత్రి బసచేసి, తెల్లవాఱుజామున లేచి, మహదేవపూరు మీదుగా వేళకు కాళేశ్వరము చేరి, కార్యము సక్రమముగా జరిపితిమి.

సోదరీమణులారా! బండి కాగినపుడు ముందుగా ఆపించుడు. యంత్రమును ఆర్పించుడు. మూత ముట్టనీయకుడు. నిలిచినపుడు కాగినదా, పరుగున కాగినదా యని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బండిక్రింద తడి యున్నదేమో చూడుడు; ఉన్నచో గొట్టమో పంపో కాఱుచున్నది. తడి లేకయే నీరు తఱుగుచున్నచో గ్యాస్కెట్టు సంగతి మేస్త్రికి చెప్పుడు. ఒక లోపము కనబడినంతనే వెదకుట మానకుడు. అన్నిటికన్న ముందు, ఇంట పెద్దలనడుగుడు.

ఇప్పుడు మా యింట ప్రతి శుక్రవారము దీపము పెట్టిన పిదప అత్తగారు వాకిటికి వచ్చి, “నీళ్ళు చూసిన్రా?” అని యడుగుదురు. మావారు చల్లని బండి మూత తీసి చూపి, మరల బిగింతురు.